చారులో పప్పు లేదు, రిజిస్టరులో ఉంది

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, సరిగ్గా అర్థమైందో లేదో మీకే తెలుస్తుంది. నల్గొండ వైపు ఒక సంక్షేమ హాస్టల్లో పెట్టే నీళ్ళచారు మీద మీరొక వ్యంగ్యం రాశారు. పిల్లలు పప్పు గింజ కోసం చారు బకెట్లో ఈత కొడతారు, గింజ దొరికినవాడికి శాలువా కప్పి సన్మానం చేస్తారు. మీ స్నేహితులు పడీ పడీ నవ్వారు. అదే హాస్టల్లో ఉండే పిల్లాడొకడు మాత్రం చదివి, "అన్నా, మా మీద ఎందుకు రాసినవ్?" అని అడిగాడు. రాసింది వార్డెన్ మీద కదా, వాడికి వ్యంగ్యం అర్థం కాలేదేమో అని మీ అనుమానం.

వాడికి బాగానే అర్థమైంది. మీ రచన రెండుసార్లు చదివాను. వార్డెన్ ఒకే ఒక్క చోట, చివర్లో, గడప దగ్గర నిలబడి చూస్తూ కనిపిస్తాడు. బకెట్లోకి దూకిందీ, మూతికి చారు పూసుకున్నదీ, గింజ కోసం జుట్లు పట్టుకున్నదీ అంతా పిల్లలే. చదివేవాడి కళ్ళ ముందు ఎవరు గెంతుతుంటే నవ్వు వాళ్ళ మీదే పడుతుంది. మీ మనసులో ఉన్న కోపం పాఠకుడికి కనబడదు, గెంతులే కనబడతాయి.

పాతికేళ్ళుగా వార పత్రికలకీ, దినపత్రికల ఆదివారం పేజీలకీ వ్యంగ్యం రాస్తున్నాను. పేదరికం మీద రాసేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు తేల్చుకునేది కథా కాదు, జోకూ కాదు. మాట్లాడేది ఎవరు అన్నది. పేదవాడి గురించి రాయాలనుకున్నప్పుడు పేదవాణ్ణి నిలబెట్టి ఆడించకూడదు. ఆ పేదరికం వల్ల ఎవరి రోజు సాఫీగా గడుస్తోందో వాడి చేత మాట్లాడించాలి. పైగా వాడు దుర్మార్గుడిలా మాట్లాడకూడదు. మర్యాదగా, నిదానంగా, లెక్కలు చూపించి మాట్లాడాలి.

దీనికి నాకు తెలిసిన గట్టి నమూనా 1729లో డబ్లిన్‌లో రచయిత పేరు లేకుండా వెలువడిన 'ఎ మోడెస్ట్ ప్రపోజల్' అనే ఒక చిన్న పుస్తకం. రాసింది జొనాథన్ స్విఫ్ట్, అక్కడి సెయింట్ పాట్రిక్స్ కెథీడ్రల్‌కు డీన్, అంటే ఆ పెద్ద చర్చికి అధిపతి. ఐర్లండులో అప్పుడు వరసగా పంటలు పోయాయి. తల్లులు చింకిపాతల పిల్లల్ని వెంటేసుకుని వీధుల్లో అడుక్కుంటున్నారు. భూస్వాముల్లో చాలామంది ఇంగ్లండులో కూర్చుని ఇక్కడి కౌళ్ళు తెప్పించుకుని తింటున్నారు. ఐర్లండు తన ఉన్ని బట్టను బయటి దేశాలకు అమ్ముకోకుండా ఇంగ్లండు పార్లమెంటు 1699లోనే చట్టం చేసింది. ఇదంతా తిన్నగా చెప్పి చూశాడాయన. మన సరుకు మనమే వాడుకుందాం అని 1720లో ఒక కరపత్రం రాస్తే, దాన్ని అచ్చేసినవాడి మీద కేసు పెట్టారు.

అందుకని 1729లో తను తప్పుకుని ఇంకొకణ్ణి మాట్లాడించాడు. పుస్తకంలో మాట్లాడేది ఒక పెద్దమనిషి. దేశం బాగు కోరేవాడు, లెక్కలు వచ్చినవాడు. అతను చెప్పే ఉపాయం ఏమిటంటే, పేదల పిల్లల్ని ఏడాది వయసులో డబ్బున్నవాళ్ళకి తిండిగా అమ్మాలి. ఈ వాక్యం వినగానే మీకు కడుపులో తిప్పినట్టయితే, అది మొదటి పేరాలో లేదని గుర్తుపెట్టుకోండి. ముందు వీధుల్లోని తల్లుల మీద జాలి. తర్వాత లెక్క. దేశంలో 15 లక్షల జనం, అందులో పిల్లల్ని కనే దంపతులు 2 లక్షలు. సొంతంగా పోషించుకోగలిగినవాళ్ళు 30 వేలు తీసెయ్యండి. గర్భం పోయేవీ, ఏడాదిలోపు చనిపోయేవీ 50 వేలు తీసెయ్యండి. మిగిలేది ఏడాదికి 1,20,000 మంది పేద పిల్లలు. వీళ్ళలో 20 వేల మందిని సంతతి కోసం ఉంచి, లక్ష మందిని అమ్మకానికి పెట్టాలి. పుట్టినప్పుడు 12 పౌండ్ల బరువు, ఏడాదికి 28. చింకిపాతలతో సహా పెంపకం ఖర్చు 2 షిల్లింగులు, అమ్మితే 10 షిల్లింగులు, తల్లికి నికర లాభం 8.

ఎక్కడా గొంతు పెంచడు. తీసివేతలన్నీ సరిగ్గా ఉంటాయి. అంతకు కొన్ని దశాబ్దాల ముందు నుంచే విలియం పెట్టీ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త లాంటివాళ్ళు మనుషుల విలువ కూడా డబ్బులో కట్టే ఒక 'రాజకీయ అంకగణితం' మొదలుపెట్టారు. స్విఫ్ట్ పట్టుకున్నది ఆ గొంతునే. ఈ తిండి కాస్త ఖరీదే కాబట్టి భూస్వాములకు తగినదని అంటాడా పెద్దమనిషి. ఎందుకంటే తల్లిదండ్రుల్ని ఇప్పటికే చాలావరకు మింగేశారు గనక పిల్లల మీద కూడా మొదటి హక్కు వాళ్ళదేనట. పుస్తకం మొత్తంలో ముసుగు కాస్త పక్కకు జరిగేది దాదాపు ఇక్కడే. చివర్లో, నాకు ఇందులో స్వార్థమేమీ లేదు, నా చిన్న బిడ్డకు తొమ్మిదేళ్ళు, నా భార్యకు పిల్లల్ని కనే వయసు దాటిపోయింది అని చెప్పి ముగిస్తాడు.

నేను మీకు ముఖ్యంగా చూపించాలనుకున్నది ఇంకొకటి. దూరాన కూర్చున్న భూస్వాముల మీద పన్ను వెయ్యాలి, స్వదేశీ సరుకే వాడాలి, కౌలుదార్ల మీద కాస్తయినా కనికరం చూపాలి వంటి అసలు పరిష్కారాలన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఎలా ఉన్నాయంటే, ఇలాంటి కబుర్లు నాతో ఎవరూ చెప్పొద్దు అని ఆ పెద్దమనిషి విసుక్కుంటూ చదివే జాబితాలా. రచయిత నిజంగా కోరుకున్నదంతా అతని నోట కొట్టివేతగా వస్తుంది. ఈ పద్ధతి దొంగిలించండి. మూడు వందల ఏళ్ళుగా అందరూ దొంగిలిస్తూనే ఉన్నారు.

స్విఫ్ట్‌ను దేవుణ్ణి చెయ్యకండి అని కూడా చెప్పాలి. ఈయనే 1737లో డబ్లిన్ బిచ్చగాళ్ళకు పారిష్‌ల వారీగా, అంటే చర్చి పరిధుల వారీగా, బిళ్ళలు తగిలించాలని ఇంకో కరపత్రం రాశాడు. అది వ్యంగ్యం కాదు, నిజంగానే అన్నాడు.

ఇక మన దగ్గరికి వస్తే, ఏడాది పిల్లకు ధర కట్టడం మనకు ఊహించుకోవలసిన పని కాలేదు. 1897లో 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకు రాసిన ఇంగ్లీషు ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల శుల్కం పెళ్ళిళ్ళను మూడేళ్ళకు లెక్క తీయిస్తే 1,034 తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకు పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు జరిగాయని రాశారు. స్విఫ్ట్ పెద్దమనిషి ఈ జాబితా చూస్తే తన ఉపాయం మరీ పాతబడిందని సిగ్గుపడేవాడు.

గురజాడ చేసిన పని చూడండి. ఈ అంకెలను ముందుమాటలో ఉంచేశారు, నాటకంలోకి బేరాన్ని తెచ్చారు. చిన్న కూతుర్ని పద్దెనిమిది వందలకు ముసలి లుబ్ధావధాన్లుకు ఇస్తానన్న అగ్నిహోత్రావధాన్లు రంగం మీద అరుస్తాడు, కోర్టు దావాల గురించి మాట్లాడతాడు. మనం నవ్వేది అతన్ని చూసి. అమ్ముడుపోబోయే సుబ్బిని చూసి నవ్వే సందర్భం ఎక్కడా లేదు. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువు, ఆమె మీద కూడా నవ్వు పడదు. ఒక నాటకం నిండా నవ్వు పెట్టి ఇద్దరు ఆడపిల్లల మీద అందులో ఒక్క తుంపర పడకుండా చూడడం ఎంత కష్టమో, రాసి చూస్తే తెలుస్తుంది.

మీరు 'ఇప్పటి కాలానికి ఏం రాయాలి, నిజమే వ్యంగ్యంలా ఉంది కదా' అని కూడా అడిగారు. నిజమే, ఆ ఇబ్బంది ఉంది. 2017 నవంబరులో హైదరాబాదులో ప్రపంచ వ్యాపారవేత్తల సదస్సుకు ముందు, నగరంలో అడుక్కోవడాన్ని రెండు నెలలు నిషేధించారు. పట్టుబడినవాళ్ళను జైళ్ళ ఆవరణల్లో పెట్టిన పునరావాస కేంద్రాలకు తరలించారు. బిచ్చగాళ్ళ ఆచూకీ చెప్పినవారికి 500 రూపాయలు ఇస్తామని జైళ్ళ శాఖ ప్రకటించింది. దీన్ని తిడుతూ చాలామంది రాశారు, ఒక్కటీ గుర్తు లేదు. ఇలాంటి చోట తిట్టడం దండగ. మెచ్చుకుంటూ రాయాలి. ఇద్దరు బిచ్చగాళ్ళు ఒకరి ఆచూకీ ఒకరు చెప్పుకుంటే చెరో 500 వస్తుంది, ఈ లెక్కన నగరంలో పేదరికం బుధవారం సాయంత్రానికి తీరిపోతుంది, కాకపోతే బహుమతి తీసుకోవడానికి ఆధార్ కార్డు అడ్రసు కావాలి అని ఒక అభినందన లేఖ రాసుకోవచ్చు. ఇందులో బిచ్చగాడు తెలివైనవాడు, పథకం తెలివితక్కువది. ఆ రెండూ తారుమారు కాకుండా చూసుకుంటే చాలు.

అంకెలతో ఆడాలంటే ఇంకా మంచి ముడిసరుకు ఉంది. 2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో పట్నంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు ఖర్చు పెట్టగలిగినవాడు దారిద్ర్యరేఖ కింద లేనట్టే అని లెక్క తేల్చింది. దేశమంతా గోల గోల అయింది. 'ఖర్చు' అన్న మాట పట్టుకోండి. మీ కథలో ఒక ఆర్థికవేత్త టీ కొట్టువాడి దగ్గరికెళ్ళి, నువ్వు టీ మీద ఒక్క రూపాయి పెంచితే నీ దగ్గర తాగే నలభై మంది రిక్షావాళ్ళు 31 నుంచి 32 రూపాయల ఖర్చులోకి వస్తారు, నీ ఒక్కడి వల్ల నలభై మంది పేదరికం నుంచి బయటపడతారు అని బతిమాలతాడు. నిజంలో ధరలు పెరిగితే ఆ గీతను కూడా పైకి జరుపుతారనుకోండి, గణాంకాల వాళ్ళు నా మీదకు రాకండి. ఆ ఆర్థికవేత్తకు తన మాట మీద తనకు పూర్తి నమ్మకం ఉండాలి, అతను పాపం మంచివాడై ఉండాలి.

నా సొంత దెబ్బ ఒకటి చెబుతాను. ఏడెనిమిదేళ్ళ కిందట ఒక రైసు మిల్లు యజమాని గొంతుతో ఒక కాలమ్ రాశాను. రేషను బియ్యం వల్ల కూలీలకు ఆకలి తగ్గిపోయిందనీ, ఆకలి లేక పనిలోకి రావడం లేదనీ, అందుకని వారానికి రెండు రోజులు ప్రభుత్వమే ఆకలిని సరఫరా చెయ్యాలనీ అతని వాదన. బాగా వచ్చిందనుకున్నాను. నెల తిరక్కుండా అది పేరూ శీర్షికా లేకుండా మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. పంపింది మా బావగారు. కింద "నూటికి నూరుపాళ్ళు నిజం, అందరికీ పంపండి" అని ఉంది, పక్కన దణ్ణం బొమ్మలు. రాసింది నేనేనని ఆయనకు ఇప్పటికీ తెలియదు. పండక్కి వెళ్ళినప్పుడు అదే మాట భోజనాల దగ్గర నాకే వివరించి చెప్పారు, నేను పప్పు వడ్డించుకుంటూ విన్నాను.

తప్పు నాదే. నేను అతిశయోక్తి అనుకుని రాసింది కొంతమంది ఇళ్ళలో మామూలు అభిప్రాయం. వారానికి రెండు రోజులు పస్తు అన్నది వాళ్ళకు ఒప్పుకోదగ్గ మాటగానే వినిపించింది. స్విఫ్ట్ మెట్లన్నీ ఎక్కి, ఎవరూ అతనితో కలిసి ఎక్కలేని మెట్టు మీద నిలబెట్టాడు తన పెద్దమనిషిని. నేను రెండో మెట్టు దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడు డ్రాఫ్టు పూర్తయ్యాక, పేరూ శీర్షికా తీసేసి మా బావగారు దీన్ని ఫార్వర్డ్ చేస్తారా అని ఆలోచిస్తాను. చేస్తారనిపిస్తే ఇంకో మెట్టు ఎక్కిస్తాను.

యాస గురించి ఒక మాట. మీ పిల్లలంతా యాసలో మాట్లాడారు, వార్డెన్ మాత్రం పుస్తకాల తెలుగు మాట్లాడాడు. మీరు కావాలని చేసి ఉండరు, సినిమాల నుంచి వచ్చిన అలవాటది. పేదవాడు నోరు తెరిస్తే యాసే జోకు. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' దొరికితే చదవండి. ఆయన విశాఖపట్నంలో లాయరు, మద్యనిషేధం చట్టం ఎవరి నడ్డి విరుస్తోందో కోర్టులో రోజూ చూసిన మనిషి. ఆయన కథల్లో ఉత్తరాంధ్ర యాస నవ్వించడానికి ఉండదు. ఆ యాస మాట్లాడేవాళ్ళు పోలీసునూ కోర్టునూ మనకంటే బాగా చదివేసినవాళ్ళు. మీరూ అదే చెయ్యండి, చురుకు పిల్లలకు ఇవ్వండి, డాబు ఆఫీసుకు ఇవ్వండి.

మన తెలుగులో ఈ డాబుకు తయారుగా ఒక భాష ఉంది, ఆఫీసు తెలుగు. 'పై విషయమై', 'గమనించడమైనది', 'తగు చర్యల నిమిత్తం'. ఇందులో పనులన్నీ వాటంతటవే జరుగుతాయి, చేసినవాడు ఎక్కడా ఉండడు. మీ చారు కథను ఈ భాషలోకి మార్చి కొంచెం రాసి చూపిస్తాను:

"విషయం: చారునందు పప్పు కనిపించుట లేదను ఫిర్యాదుపై విచారణ నివేదిక. ఆకస్మిక తనిఖీ నిమిత్తం వార్డెన్ గారికి రెండు రోజులు ముందుగా తెలియజేసి హాస్టల్‌ను సందర్శించడమైనది. మెనూ బోర్డునందు పప్పుచారు అని స్పష్టముగా వ్రాయబడియున్నది. అక్షరదోషములు లేవు. చారునందు పప్పు గమనించబడలేదు. స్టాకు రిజిస్టరునందు పప్పు గమనించబడినది. పప్పును చివరిసారి ఎప్పుడు చూచితివని ప్రశ్నించగా, ఎనిమిదవ తరగతి విద్యార్థి ఒకరు 'కలెక్టర్ సారు వచ్చిన నాడు' అని తెలిపియున్నాడు. కావున హాస్టల్‌నందు పప్పు వండుచున్నట్లు విద్యార్థుల వాంగ్మూలము ద్వారానే నిర్ధారణ అయినది. మెనూ బోర్డునకు కొత్తగా రంగు వేయించుటకు నిధులు మంజూరు చేయవలసినదిగా సిఫార్సు చేయడమైనది."

ఇది రాస్తుంటే రిజిస్టరు పప్పు దగ్గర 'రిజిస్టరు చారుకంటే చిక్కగా ఉన్నది' అనే వాక్యం నా చేతికి వచ్చింది. కొట్టేశాను. వాక్యం బాగానే ఉంది గానీ అది నా జోకు, తనిఖీ అధికారిది కాదు. తను నవ్విస్తున్నానని అతనికి తెలిసిపోయిన క్షణం రిపోర్టు చచ్చిపోతుంది. ఇంకోటి చూడండి, పిల్లాడు ఒక్క వాక్యమే మాట్లాడాడు, అదీ జోకు వెయ్యాలని కాదు. అడిగినదానికి నిజం చెప్పాడు.

అంకెలు వాడదలచుకుంటే సరైనవి వాడండి. తెలంగాణలో 2024 చివర్లో హాస్టల్ డైట్ చార్జీలు 40 శాతం పెంచారు. 3 నుంచి 7 తరగతులవాళ్ళకు నెలకు 950 ఉన్నది 1,330 అయింది, 8 నుంచి 10 వరకు 1,100 ఉన్నది 1,540 అయింది. పాత 950ని 30తో భాగించండి. సుమారు 31 రూపాయల 67 పైసలు. పైన చెప్పిన 32 రూపాయల పక్కన పెట్టి చూస్తే మీకు ఇంకో రచనే దొరకొచ్చు. కొత్త లెక్కన రోజుకు 44 రూపాయల చిల్లర, పొద్దున టిఫిను నుంచి రాత్రి అన్నం దాకా. కానీ మీ కథ ఈ సంవత్సరంలో జరుగుతూ 950 అని రాశారో, శాఖవాళ్ళు ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతా అంతా అబద్ధమంటారు. చారు సంగతి ఎవరూ మాట్లాడరు.

జాగ్రత్తల గురించి పొడుగ్గా చెప్పను. హాస్టల్ పేరు, వార్డెన్ పేరు, ఊరి పేరు తీసెయ్యండి. పరువునష్టం ఇప్పటికీ నేరమే, పాత శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్లు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356. పేరు తీసేస్తే రచన పదును కూడా పెరుగుతుంది, ఒక్క హాస్టల్ కథ అనుకునే వీలుండదు. కులం పేరు, కులం తిట్టు మాత్రం విలన్ నోట కూడా పెట్టకండి. ఆ హాస్టళ్ళలో ఎక్కువమంది ఎవరి పిల్లలో మనకు తెలుసు, ఆ మాట వాళ్ళు బయట రోజూ వింటున్నదే.

ఇక ఆ పిల్లాడి సంగతి. నొచ్చుకున్నాడని మీరు బాధపడుతున్నారు గానీ, మీ రచనకు అతనికన్నా మంచి ఎడిటర్ దొరకడు. వెళ్ళి కలవండి. క్షమాపణ అంటూ పెద్ద మాటలు వద్దు, చారు గురించి అడగండి. తనిఖీకి వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు, ఏ ప్లేటులో తింటారు, వాళ్ళు వెళ్ళాక మిగిలిన పప్పు ఏమవుతుంది. నేను పైన కల్పించిన కలెక్టర్ వాక్యం కంటే మంచిది ఒక్కటైనా అతని నోట వస్తుంది. తిరగరాసింది ముందు అతనికి చదివి వినిపించి, తర్వాతే స్నేహితులకు చూపించండి.

కొత్త డ్రాఫ్టు పూర్తయ్యాక ఇక్కడే పెట్టండి, చూస్తాను. ఊరి పేరు పడకుండా మెనూ బోర్డు ఫోటో తీయగలిగితే అది కూడా. ఏ రంగు వేశారో చూడాలనుంది.